అంతర్వేది దాకా సైకిలు మీద

గోదావరి డెల్టా చూడటానికి సైకిలు అక్కర్లేదు. బస్సులున్నాయి, ఆటోలున్నాయి, మా అన్నయ్యకి కారుంది. అయినా కిందటి డిసెంబరులో నేను రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా సైకిలు మీదే వెళ్ళాను. నాకు యాభై ఎనిమిదేళ్ళు. వెళ్ళవలసి వచ్చిన కారణం ముందు చెప్పాలి, లేకపోతే ఇది ముసలితనపు సరదాలా కనిపిస్తుంది.

నేను పుట్టింది రాజమండ్రి మెయిన్ రోడ్డులో బట్టల కొట్టున్న ఇంట్లో. చాలా ఏళ్ళుగా ఉంటున్నది నెదర్లాండ్స్‌లో, డోర్డ్రెక్ట్ అనే ఊళ్ళో. మా ఆయనది నిడదవోలు. నదుల్లో పూడిక తీసే ఓడల మీద ఆయన ఇంజనీరు. కిందటేడాది ఫిబ్రవరిలో పోయారు. దాని గురించి ఇంతకంటే రాయను. రాస్తే అబద్ధాలు చేరతాయి.

డోర్డ్రెక్ట్‌లో బడికెళ్ళే పిల్లలూ, వాళ్ళ అమ్మమ్మలూ అందరూ సైకిళ్ళ మీదే తిరుగుతారు. మా ఇంట్లో ఆడపిల్లలకి సైకిలు నేర్పలేదు. అక్కడికెళ్ళాక కూడా చాలాకాలం నడిచే వెళ్ళాను, లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఉద్యోగానికి. మా పక్కింట్లో హన్నెకే అనే ఆవిడ ఉండేది. శనివారాల్లో ఒక బడి ఆవరణలో పరాయి దేశాల నుంచి వచ్చిన ఆడవాళ్ళకి సైకిలు నేర్పేది. నలభై ఆరో ఏట ఆవిడ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ పడ్డాను. నలుగురూ చూస్తుండగా పడి, లేచి, దులుపుకుని మళ్ళీ ఎక్కడం మా ఇంట్లో ఆడవాళ్ళకెవరూ నేర్పని విద్య. విదేశంలో నేను నేర్చుకున్నదేమిటని ఎవరైనా అడిగితే ముందు అదే చెప్తాను. తర్వాత హన్నెకేకి మోకాళ్ళ నొప్పులొచ్చి ఆ తరగతి నాకు అప్పజెప్పింది. పుస్తకాలు కాకుండా నాకు ఇంకో ఇష్టం ఉంటుందని అప్పటిదాకా నాకే తెలియదు.

రాజమండ్రి

అన్నయ్య ఫోనులో ఏడాదిగా అంటున్న మాటే కొట్లో కూర్చోబెట్టి మళ్ళీ అన్నాడు.

"అక్కడ నీకెవరున్నారే చిట్టీ? మేడ మీద వాటా ఖాళీగా ఉంది. ఆ ఇల్లమ్మేసి వచ్చెయ్."

"శనివారం వస్తే తొమ్మిది మంది నాకోసం చూస్తూ ఉంటారు అన్నయ్యా."

"ఎవరు వాళ్ళు?"

"సైకిలు నేర్చుకునేవాళ్ళు."

గుమాస్తాలు తలలు వంచుకుని నవ్వుకున్నారు. అన్నయ్య వంచుకోకుండానే నవ్వాడు. "అదీ ఒక పనేనా? మన కొట్టెదురుగా అద్దె సైకిళ్ళ వీర్రాజు నేర్పేవాడు కాదూ, అలాగా? అసలు నువ్వు తొక్కగలవా? అక్కడంటే అద్దంలాంటి రోడ్లు. ఇక్కడ ధవళేశ్వరం దాకా తొక్కు చూద్దాం."

"అంతర్వేది దాకా తొక్కుతాను."

"పందెం?" అన్నాడు.

గోదావరి మనిషి ఆ మాట నోట్లోంచి వచ్చాక వెనక్కి తీసుకోడు, వ్యాపారస్తుడైనా సరే. షరతులు కూడా అప్పుడే పెట్టాడు. దారిలో ఎక్కడైనా నేను ఫోను చేసి కారు పంపమంటే, డోర్డ్రెక్ట్ ఇల్లు అమ్మేసి మేడ మీద వాటాలోకి వచ్చెయ్యాలి. అంతర్వేది చేరితే ఆ మాట మళ్ళీ ఎత్తడు. వదిన సాక్షి.

"చిన్నపిల్లల్లా ఏంటండి ఇదీ?" అంది వదిన.

నవ్వుతూనే అనుకున్నాం. కానీ పందెంలో మాట తప్పే అలవాటు అన్నయ్యకి లేదు, నాకూ లేదు. ఇద్దరం ఒకే తండ్రి కొట్లో పెరిగాం.

సాయంత్రం సైకిలు కొన్నాను. ముందు బుట్ట, వెనక క్యారియరు, ఏడు వేల ఐదొందలు. డోర్డ్రెక్ట్‌లో ఆ డబ్బుకి వాడేసిన సైకిలు కూడా రాదు. కొట్టతను "పాపకాండి?" అన్నాడు. నాకేనన్నాను. సీటు బాగా కిందికి దించాడు. నన్ను మళ్ళీ ఓసారి చూసి, కొంచెం పైకెత్తాడు.

ఆత్రేయపురం

పొద్దున్నే ధవళేశ్వరం ఆనకట్ట మీద మంచులో గోదావరి కనపడలేదు. కనపడినా వర్ణించను. చాలామంది చేశారు. మా ఆయన నెదర్లాండ్స్‌లో ఇంజనీర్ల దగ్గర ఎప్పుడూ ఈ ఆనకట్ట గురించే గొప్పలు చెప్పేవారు. వాళ్ళు మర్యాదగా వినేవారు. ఈసారి నేను దాని మీద నుంచి సైకిలు తొక్కుతూ వెళ్ళాను. ఆయనకి చెప్పాలనిపించింది. చెప్పడానికి ఎవరూ లేరు. ముందుకెళ్ళాను.

బొబ్బర్లంక దగ్గర చిన్న హోటల్లో మినప రొట్టె, చెరకు పానకం తిన్నాను. ముప్పై రూపాయలు. నా తలమీద హెల్మెట్ చూసి హోటలాయన చాలాసేపు ఆలోచించాడు.

"సర్వేకొచ్చారాండి?"

"లేదండి. అంతర్వేది వెళ్తున్నాను."

"సైకిలు మీదా! బస్సు టిక్కెట్టు పెంచారనాండి?"

కాలువ గట్టు వెంట ఇలాంటి ప్రశ్నలు చాలా వచ్చాయి. డోర్డ్రెక్ట్‌లో సైకిలు మీద వెళ్ళేవాళ్ళని ఎవరూ ఏమీ అడగరు. మొదట్లో ఆ మౌనం నాకు అవమానంలా ఉండేది, తర్వాత స్వేచ్ఛలా అనిపించింది. ఇక్కడ అడుగడుగునా జవాబు చెప్పుకుంటూ వెళ్ళడం మొదట బరువనిపించింది, మధ్యాహ్నానికి అలవాటైంది.

ఆత్రేయపురంలో ఒక ఇంటి అరుగు మీద పూతరేకులు చేస్తుంటే ఆగాను. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఇలా వేసి అలా తీస్తే, కాగితంలాంటి రేకు లేస్తుంది. నెయ్యి, బెల్లం వేసినవి రెండు అక్కడే తిన్నాను, నాలుగు బుట్టలో పెట్టుకున్నాను. అక్కడిదాకా అంతా బాగానే ఉంది.

ఊరు దాటుతుండగా ఒక ఇంటి ముందు పందిరి, పూలు కట్టిన కారు, మేళం. పెళ్ళికి తరలి వెళ్తున్నారు. గేటు దగ్గర నిలబడ్డ పెద్దావిడ నన్ను చూసి గబగబా వచ్చి సైకిలు హ్యాండిలు పట్టుకుంది.

"ఏమీ అనుకోకండమ్మా. పెళ్ళికొడుకుని బయటికి తీసుకొస్తున్నాం. కాస్త అటు తిరిగి, ఆ గోడ పక్కన ఆగుతారా?"

నేను బొట్టు పెట్టుకోవడం లేదు. డోర్డ్రెక్ట్‌లో అదెవరికీ తెలియదు. ఇక్కడ రోడ్డు ఆ చివరి నుంచే తెలుస్తుంది. మా వైపు శుభానికి గడప దాటేటప్పుడు ఎదురు ఎవరొస్తున్నారో చూస్తారు. ముత్తైదువ వస్తే మంచిది. భర్త పోయిన మనిషి వస్తే లోపలికెళ్ళి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరతారు. ఈ ఆచారం గురించి పుస్తకాల్లో చాలా చదివాను. పేజీల అంచుల్లో కోపంగా గీతలు కూడా పెట్టుకున్నాను. ఆవిడ హ్యాండిలు పట్టుకున్నప్పుడు ఆ గీతలేవీ పనికి రాలేదు. మారు మాట్లాడకుండా సైకిలు వెనక్కి తిప్పి గోడ పక్కన నిలబడ్డాను.

కారు వెళ్ళిపోయాక ఆవిడే విస్తరాకులో పులిహోర, రెండు బూరెలు పట్టుకొచ్చింది. "ఎండన పడి వచ్చారు. తినకుండా వెళ్తే నా మీదొట్టే" అంది. తిన్నాను. పులిహోర బాగుంది. ఆవిడ మంచి మనిషి. ఆ రెండూ నిజమే కావడం వల్ల కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అక్కడి నుంచి రావులపాలెం దాకా హెల్మెట్ కనుబొమల మీదికి లాక్కుని తొక్కాను. ముందు ఎవరైనా ఇంట్లోంచి బయటికొస్తుంటే ముందే దిగి, పక్కకి తిరిగి నిలబడ్డాను. దారి సాగలేదు. డెల్టాలో ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ ఉండదు. ఎప్పుడూ ఎవరో ఒకరు గడప దాటుతూనే ఉంటారు.

సాయంత్రం లాడ్జిలో ఉండగా అన్నయ్య ఫోను.

"గొంతేంటి అలా ఉంది? కాళ్ళు నొప్పులా? కారు పంపనా?"

కాళ్ళు బాగానే ఉన్నాయి. 'పంపు' అనడానికి ఒక్క క్షణం చాలు. అన్నయ్య నన్ను ఎగతాళి చెయ్యడు, రేపీపాటికి మేడ మీద వాటాలో వదిన కాఫీ ఇస్తుంది, ఎవరికీ ఎదురు వెళ్ళనక్కర్లేదు. అన్నయ్య ఇస్తానంటున్నది అదేనని అప్పుడు అర్థమైంది. ప్రేమతోనే ఇస్తున్నాడు. గోడ పక్కన పులిహోర కూడా ప్రేమతోనే ఇచ్చారు.

"రేపు గన్నవరం వెళ్తాను అన్నయ్యా" అన్నాను.

రావులపాలెం

అరటి మార్కెట్టుకి పొద్దున్నే వెళ్ళాను. వ్యానులు, మోపెడ్లు, వాటి మధ్య అక్కడక్కడా సైకిళ్ళు. ఒక సైకిలుకి ముందూ వెనకా పక్కలా గెలలు వేలాడుతున్నాయి. సైకిలు కనపడదు, రెండు చక్రాలున్న అరటితోటలా ఉంది. దాన్ని తోసుకొస్తున్న ఆయన పేరు సత్తిబాబు, డెబ్బైకి దగ్గర్లో ఉంటాడు. తోటి సైకిలు మనిషిని కదా అని పలకరించాను.

"తొక్కుతారాండి, తోసుకొస్తారా?"

"తొక్కడానికి సీటేదండి? సీట్లో గెల కూర్చుంది." నా సైకిలు చూశాడు. "మీదేవూరండి? మాట ఇక్కడిదే గానీ ఎక్కడో తేడా కొడతంది."

నెదర్లాండ్స్ అన్నాను, తర్వాత హాలండ్ అన్నాను.

"అక్కడ చక్కెరకేళి దొరుకుద్దాండి?"

"ఒకటే రకం దొరుకుతుందండి. పొడుగ్గా, పచ్చగా ఉంటుంది. వాసనుండదు."

"ఆయ్! మరేం తిని బతుకుతున్నారండి అక్కడ?" అన్నాడు నిజమైన జాలితో. ఒక గెల నుంచి నాలుగు చక్కెరకేళీలు తెంపి నా బుట్టలో వేశాడు. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కొత్త మనిషిని అడగడం తేలిక. నిన్నటి సంగతి మనసులో ఉంది, అడిగేశాను. "పొద్దున్నే గెలలు కట్టుకుని బయల్దేరినప్పుడు నాలాంటిది ఎదురొస్తే ఏం చేస్తారండి?"

నా నుదురు చూశాడు. ఇబ్బంది పడలేదు, ఆలోచించాడు.

"ఉన్న మాట చెప్తానండి. ఆ రోజు బేరం చెడిందనుకోండి, మీవల్లే అనుకుంటాను. బాగా వచ్చిందనుకోండి, నా తెలివనుకుంటాను."

పక్కన నిలబడ్డ వాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఇండియా వచ్చాక అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి. అంతకుముందు ఎప్పుడు నవ్వానో గుర్తు రాలేదు. పుస్తకాల్లో అన్నేళ్ళు గీతలు పెట్టినా దొరకని మాట అది. హెల్మెట్ తీసి బుట్టలో, అరటిపళ్ళ మీద పెట్టాను. హన్నెకే చూస్తే తిట్టేది.

పి.గన్నవరం

సార్వా కోతల కాలం. కొత్తపేట దాటాక కాలువ గట్టు మీద సగం రోడ్డు ధాన్యానిదే. ఎండబోసి, మధ్యమధ్య కాళ్ళతో తిరగేస్తున్నారు. మిగతా సగంలో బస్సులు, ఆటోలు, నేను. ఎదురుగా బస్సు రావడంతో పక్కకి తప్పుకున్నాను. చక్రం ధాన్యంలోకి దిగింది.

"అమ్మా! అమ్మా! గింజల మీద కాదండీ!" ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. "సైకిలైతే మాత్రం నూకవదాండి? అటు తిప్పండి, అటు!"

అటు తిప్పాను. ఎండుగడ్డి కుప్పలో పడ్డాను. మెత్తగానే ఉంది. ఆయన ముందు ధాన్యం సర్దుకుని, తర్వాత నన్ను లేపాడు. అది సరైన వరసే.

"దెబ్బ తగిలిందాండి?"

"లేదండి. నాకు పడటం బాగా వచ్చు."



గన్నవరం దగ్గర కిందా నీళ్ళే, పైనా నీళ్ళే. కింద వైనతేయ పాయ వెళ్తుంటే, దాని మీదుగా వంతెన కట్టి కాలువని అవతలి లంకకి దాటించారు. మా ఆయనకి డెల్టాలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. నెదర్లాండ్స్‌లో కారు రోడ్డు మీదుగా కాలువ పోయే చోటు చూసినప్పుడు అందరూ ఆశ్చర్యపోతుంటే ఆయన మాత్రం "మా గన్నవరంలో చూపిస్తాను నీకు" అన్నారు. ఎప్పుడొచ్చినా పెళ్ళిళ్ళకో, ఆస్తి పనులకో వచ్చాం. చూపించలేదు.

వంతెన మీద సైకిలు ఆపి చాలాసేపు నిలబడ్డాను. ఆయన చెప్పినంత బాగుంది. కొబ్బరి బొండాం కొనుక్కుని తాగాను. బొండాలావిడ అడిగింది, "ఎవరికోసమైనా చూస్తున్నారామ్మా?" అని. "లేదమ్మా, చూసేశాను" అన్నాను.

రాజోలు దాటాక

మర్నాడు రాజోలుకీ మలికిపురానికీ మధ్య వెనక టైరు పంచరైంది. పంచరు షాపు పక్కనే టీ బడ్డీ, బడ్డీ వెనక రెండంతస్తుల కొత్త ఇల్లు. బడ్డీలో ఉన్నావిడ పేరు నాగమణి. నేనెక్కడి నుంచి వచ్చానో తెలిశాక టీకి డబ్బులు తీసుకోనంది. ఆవిడ మస్కట్‌లో ఒక ఇంట్లో పదేళ్ళకి పైగా వంట చేసింది. ఆ ఇల్లు ఆ వంటతో కట్టిందే. ఈ లంకల్లో అలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. కట్టించినవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు.

"మా అమ్మాయి ఇవాళే వెళ్తందండి, జర్మనీ. నర్సు ఉద్యోగం. మీరుండేది ఆ పక్కేనటగా?"

కూతురు దివ్య బయటికొచ్చింది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. గబగబా ప్రశ్నలు.

"చలి ఎంతుంటదండి?"

"చలికి కోటుంది. చీకటికే ఏం లేదు. సాయంత్రం నాలుగింటికే పడిపోతుంది. ఆదివారాలు ఒక్కదానివే గదిలో కూర్చోకు."

"భాషొచ్చండి, పరీక్ష పాసయ్యాను. కానీ మాట్లాడాలంటే భయం. తప్పు మాట్లాడితే నవ్వుతారేమో."

"నవ్వుతారు. నేను నాలుగేళ్ళు తప్పులే మాట్లాడాను. అందరి ముందూ పడటం నేర్చుకున్నాక భాష దానంతటదే వచ్చింది. నీ మొదటి జీతంతో సైకిలు కొనుక్కో."

"సైకిలు రాదండి."

"అయితే ఇంకా మంచిది."

ఇంతలో కారొచ్చింది, సామాను ఎక్కించారు. చుట్టుపక్కల వాళ్ళు గుమిగూడారు. పసుపు రాసిన బిందెతో పక్కింటి కోడలు మలుపు దగ్గరికి వెళ్తోంది, ఎదురు రావడానికి. చెప్పకుండానే నేను లేచాను. సైకిలు పంచరు షాపు వెనక్కి తోసుకెళ్ళాను. ఆత్రేయపురంలో నేర్చుకున్నది అంత త్వరగా అలవాటైంది. షాపు వెనక ఆ ఇంటి వంటగది తలుపు, ఆ తలుపు చాటున ఒక ముసలావిడ నిలబడి ఉంది. నాగమణి అత్తగారు. సొంత మనవరాలు దేశం దాటి వెళ్తుంటే ఎదురు పడకూడదని ఆవిడా అక్కడే దాక్కుంది. ఒకరినొకరం చూసుకున్నాం.

"మీరూనా?" అంది ఆవిడ.

దివ్య వెతుక్కుంటూ వచ్చింది. "ఆంటీ, ఇక్కడికొచ్చేశారేంటి? వెళ్ళొస్తానని చెప్దామంటే..." అంటూ మా ఇద్దర్నీ చూసి ఆగిపోయింది. దాని వెనకే నాగమణి. 

"అమ్మా, ఈవిడ ఎదురొస్తే నేను బయల్దేరతాను" అంది దివ్య.

"తప్పమ్మా, తప్పు!" ముసలావిడ తలుపు చాటు నుంచే కేకేసింది. "అక్కడ బిందెతో ముత్తైదువు కాసుకునుంటే!"

నాగమణి అత్తగారి వైపు తిరిగింది. "నేనెళ్ళినప్పుడు ముగ్గురు ముత్తైదువుల్ని వరసగా ఎదురు పెట్టారు కదత్తా. రెండో నెల్లోనే ఆస్పత్రిలో పడ్డాను, వచ్చి చూసిన దిక్కు లేదు. ఈవిడ వెళ్ళింది. అన్నేళ్ళు బతికింది. మొగుడు పోయినా నిలబడింది. రాజమండ్రి నుంచి సైకిలు తొక్కుకుంటా వచ్చింది. పిల్లకి ఇంతకంటే మంచి శకునం ఎక్కడ తెస్తాం?"

నేను వద్దనే అన్నాను. దారిలో ఆ అమ్మాయికి ఏదైనా జరిగితే ఆ ఊళ్ళో నా పేరెలా నిలుస్తుందో నాకు తెలుసు. సత్తిబాబు మాటకి నవ్వాను గానీ, ఆ మాటలో రెండు సగాలున్నాయి. నాగమణి వినలేదు. "పదండి, పదండి, టైమైపోతంది" అంటూ ఆత్రేయపురంలో ఆ పెద్దావిడ పట్టుకున్నట్టే నా హ్యాండిలు పట్టుకుని, సైకిలుని రోడ్డు వైపు తిప్పింది.

దివ్య నానమ్మ చెయ్యి కూడా పట్టుకుని లాగింది. "నువ్వూ రావే."

"ఛీ, నేనేంటి!"

"నువ్వు రాకపోతే నేనెళ్ళను. విమానం వెళ్ళిపోద్ది, నీ ఇష్టం."

మలుపు దగ్గర పక్కింటి కోడలు బిందెతో ఒక పక్కకి జరిగి మాకు చోటిచ్చింది. నేను సైకిలు పట్టుకున్నాను. ముసలావిడ క్యారియరు గట్టిగా పట్టుకుంది, వదిలితే వెనక్కి పరుగెత్తేలా ఉంది. ముగ్గురం ఎదురు నడిచాం. జనం చూస్తూ నిలబడ్డారు. ఎవరో ఏదో గొణిగారు. బెల్లు మోగించాను, ఎందుకో తెలియదు. కారు మా పక్కకొచ్చి నెమ్మదించింది. దివ్య కిటికీలోంచి చెయ్యి చాపి నానమ్మ చెంప తాకింది, నా వైపు చూసి తలూపింది. ఏడవలేదు. కారు వెళ్ళిపోయింది.

ముసలావిడ క్యారియరు వదల్లేదు. "ఇప్పుడా కారు టైరు పంచరైందంటే ఊరంతా మనిద్దర్నీ కలిపి తిడతారు" అంది.

"పంచరైతే వేసుకుంటారండి. నాదీ అయింది, వేయించుకున్నాను."

ఆవిడ కళ్ళు తుడుచుకుని నవ్వింది. నాగమణి ఇంకో టీ పెట్టింది. ఆ తర్వాత మూడో రోజు సాయంత్రం నాకొక ఫొటో వచ్చింది: మంచు పడుతున్న ఒక బస్‌స్టాపులో దివ్య, పళ్ళు కనపడేలా నవ్వుతూ. దాన్ని ముందు నాగమణి అత్తగారికి చూపించారట. ఆవిడ ఊళ్ళో ఎవరికి చూపించాలో వాళ్ళందరికీ చూపించిందట.

మలికిపురం నుంచి ఆ రోజు తొక్కినంత బాగా నేనెప్పుడూ తొక్కలేదు. కొబ్బరితోటల మధ్య రోడ్డు, ఎదురుగాలి. గేట్లలోంచి బయటికొస్తున్న వాళ్ళకి ఎదురు వెళ్ళాను. ఎవరైనా చూస్తే బెల్లు కొట్టాను. కొందరు మొహం తిప్పుకున్నారు. చాలామంది "ఎక్కడిదాకాండి?" అన్నారు. "అంతర్వేది!" అని దిగకుండానే అరిచాను.

అంతర్వేది

గుడి గోపురం కనిపించేసరికి అన్నయ్య కారు కూడా కనిపించింది. అన్నయ్యా వదినా పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నారట. అన్నయ్య కారు దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను ఆయన ముందు దాకా తొక్కి, అప్పుడు దిగాను. ఆయన వంగి టైర్లు చూశాడు, చైను చూశాడు. ఏ లారీలోనో ఎక్కి వచ్చానేమోనన్నట్టు కాసేపు పరిశీలించాడు. వ్యాపారస్తుడు కదా.

"నల్లబడ్డావు" అన్నాడు. కొంచెం ఆగి, "సరే. ఇల్లు అమ్మొద్దులే" అన్నాడు.  "నీకు బాగుందా అక్కడ? నిజం చెప్పు."

ఏడాదిగా ఆయన నన్నడగని ప్రశ్న అదొక్కటే. "అన్ని రోజులూ బాగుండదు. శనివారం బాగుంటుంది" అన్నాను.

దర్శనం చేసుకుని, పూతరేకులు తిని, సముద్రం ఒడ్డుకి వెళ్ళాం. వసిష్ఠ పాయ సముద్రంలో కలిసే ఆ చోటుని అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. పేరు ఊరివాళ్ళు పెట్టుకున్నది, నా కల్పన కాదు. ఆటు సమయం, నీళ్ళు వెనక్కి తీసి ఉన్నాయి. తడి ఇసక సిమెంటులా గట్టిగా ఉంది. వదిన చీర కుచ్చెళ్ళు దోపుకుని వచ్చి నా సైకిలు పక్కన నిలబడింది.

"నాకూ నేర్పు" అంది.

"అరవై ఒకటొచ్చాయి నీకు!" అన్నాడు అన్నయ్య.

"నేర్పడం దాని పనేగా. మీరే నవ్వారుగా, అదీ ఒక పనేనా అని. చూడండి ఇప్పుడు."

నాకు తెలిసిన పద్ధతి ఒకటే. పెద్దవాళ్ళకి నేర్పేటప్పుడు ముందు పెడల్స్ తీసేస్తాం. సీటు దించి, కాళ్ళతో నేలని తన్నుకుంటూ వెళ్ళమంటాం. బ్యాలెన్సు వచ్చాక పెడల్స్ బిగిస్తాం. అన్నయ్య ఒడ్డున పడవ ఇంజను విప్పుతున్న అతని దగ్గర పానా అడిగి తెచ్చాడు. పంచె ఎగగట్టి, ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని తనే పెడల్స్ విప్పాడు. ఒకటి ఎదురు మరలో తిరుగుతుందని తెలియక కాసేపు తంటాలు పడ్డాడు. నేను చెప్పాను. మా అన్నయ్య నా మాట విని ఒక పని చెయ్యడం అదే మొదటిసారి.

వదిన మొదట రెండుసార్లు పక్కకి ఒరిగింది, ఒకసారి పడింది. "దెబ్బ తగిలిందా?" అని అన్నయ్య పరుగెత్తబోతే ఆపాను. తనే లేచింది. చుట్టూ చూసింది. చేపలావిడలు నలుగురు బుట్టలు దింపి చూస్తున్నారు. వదిన ఇసక దులుపుకుని మళ్ళీ ఎక్కింది. నేను పక్కనే పరుగెత్తాను, ముట్టుకోకుండా. కాళ్ళతో తన్నింది, ఇంకా గట్టిగా తన్నింది, తర్వాత రెండు కాళ్ళూ ఒకేసారి పైకెత్తింది. సైకిలు ఒరగలేదు. తడి ఇసక మీద సన్నటి గీత గీసుకుంటూ అలా వెళ్ళిపోయింది. చేపలావిడలు చప్పట్లు కొట్టారు.

అన్నయ్య చేతికొక పెడల్ పట్టుకుని నిలబడిపోయాడు. "ఇవెప్పుడు బిగించాలి?" అన్నాడు, నన్ను, గురువునడిగినట్టు.

"రేపు" అన్నాను.

"రేపేంటండీ!" దూరం నుంచి వదిన గొంతు, వెనక్కి తిరక్కుండానే. "ఇప్పుడే బిగించండి!"